రెజ్లింగ్ కంపెనీల పోటీలో అభిమాని ఎవరి పక్షాన నిలబడాలి

కథనూ గెలుపోటములనూ ముందే రాసుకుని ఆడే ప్రొఫెషనల్ రెజ్లింగ్ అభిమానులు ఇద్దరు కలిస్తే ఒకప్పుడు మాటలు ఏ మ్యాచ్ బాగుంది, ఎవరు ఎవరి చేతిలో ఓడి ఉండాల్సింది అన్న దగ్గర మొదలయ్యేవి. ఇప్పుడు ఏఈడబ్ల్యూ అనే అమెరికా రెజ్లింగ్ కంపెనీ వారి వారపు టీవీ కార్యక్రమం డైనమైట్ ప్రసారమైన మర్నాడు మొదట వినబడే ప్రశ్న దాన్ని ఎంతమంది చూశారన్నది. ఆ తరవాత హాల్లో ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో, కెమెరాను ఏ వైపు తిప్పకుండా జాగ్రత్తపడ్డారో లెక్కలు తీస్తారు. అవతలి పక్షమూ ఊరుకోదు. ఈ రంగంలో అతి పెద్ద కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ రింగు నేల మీద ఎన్ని వ్యాపార గుర్తులు అంటించారు, పెద్ద కార్యక్రమాల మధ్యలో ఎన్ని ప్రకటనలు దూర్చారు, టికెట్ ధర ఎంత పెంచారు అంటూ చిట్టా విప్పుతుంది. ఈ వాదనల్లో రెజ్లర్ పేరు వినబడేది అతను ఏ కంపెనీ వదిలి ఏ కంపెనీలో చేరాడన్న సందర్భంలోనే.

నేను రెండు కంపెనీల కార్యక్రమాలూ చూస్తాను. రెండింటి మీదా నాకు ఫిర్యాదులున్నాయి. వాటన్నిటికంటే ఎక్కువగా నన్ను బాధపెడుతున్నది, అభిమానులుగా మనం ఏ పరీక్షా పెట్టకుండా ఒప్పేసుకున్న ఒక నమ్మకం. పోటీ ఉంటే కంపెనీలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తాయి, దానివల్ల ప్రదర్శన మెరుగవుతుంది, కాబట్టి చివరికి లాభపడేది ప్రేక్షకుడే అన్నది ఆ నమ్మకం. ముప్పై ఏళ్ళ చరిత్రను ముందు పెట్టుకుని చూస్తే ఇందులో సగమే నిజమని తేలుతుంది. పోటీ వల్ల ఖాయంగా మేలు జరిగింది రెజ్లర్‌కు, అతని ఒప్పందం విషయంలో. ప్రదర్శన దారి మార్చుకున్న సందర్భాలు చూస్తే వాటిలో చాలావాటి వెనక ఉన్నది హాల్లో కూర్చున్న జనం గొంతు. కంపెనీని భుజాన మోసే అభిమాని ఈ రెండు మేళ్ళకూ అడ్డుపడుతున్నాడన్నదే నా వాదన.

1990ల నాటి సోమవారం రాత్రుల పోరును అందరూ స్వర్ణయుగంగా తలుచుకుంటారు కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. టెడ్ టర్నర్ చేతిలోని డబ్ల్యూసీడబ్ల్యూ 1995 సెప్టెంబరు 4న నైట్రో కార్యక్రమాన్ని ప్రారంభించి, అప్పట్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే పేరుతో ఉన్న డబ్ల్యూడబ్ల్యూఈ వారి సోమవారం కార్యక్రమం 'రా'కు ఎదురుగా నిలబెట్టింది. 1996 జూలైలో హల్క్ హోగన్ విలన్‌గా మారి, స్కాట్ హాల్, కెవిన్ నాష్‌లతో కలిసి ఎన్‌డబ్ల్యూఓ ముఠా కట్టాడు. ఆ ఏడాది జూన్ నుంచి 83 వారాల పాటు వరసగా రేటింగుల్లో నైట్రోదే పైచేయి అయింది. ఇదంతా అభిమానులు కంఠతా చెప్పగల కథ. ఆ పోటీలో రెండు కంపెనీలూ తమ ఎదుట కూర్చున్న ప్రేక్షకుణ్ణి వదిలి పక్కవాడి తెర వైపు చూస్తూ తీసుకున్న నిర్ణయాల కథ మాత్రం అంత తరచుగా ఎవరూ చెప్పరు.

1999 జనవరి 4 రాత్రిని కాస్త దగ్గరగా చూద్దాం. ఆ రోజు నైట్రో అట్లాంటాలోని జార్జియా డోమ్ నుంచి ప్రత్యక్ష ప్రసారం. అవతల రా కార్యక్రమాన్ని ముందే వుస్టర్ పట్టణంలో చిత్రీకరించి పెట్టుకున్నారు. అందులో మ్యాన్‌కైండ్ పాత్రలో ఉన్న మిక్ ఫోలీ, రాక్‌ను ఓడించి మొదటిసారి ప్రపంచ ఛాంపియన్ అవుతాడు. ఒళ్ళంతా గాయాలతో, ఊడిన పళ్ళతో, అందగాడన్న పేరు ఏనాడూ లేకుండా ఏళ్ళ తరబడి కిందపడి లేచిన మనిషి అతను. నైట్రో అధిపతి ఎరిక్ బిషాఫ్ ఆదేశం మేరకు వ్యాఖ్యాత టోనీ షియవోనీ ఆ ఫలితాన్ని తన ప్రేక్షకులకు ముందే చెప్పేసి, ఇలాంటివాడి కోసం ఎవరైనా టికెట్ కొంటారా అన్న ధోరణిలో ఎద్దేవా చేశాడు. రహస్యం బయటపెడితే జనం అటు వెళ్ళరని వారి లెక్క. జరిగింది పూర్తిగా తలకిందులు. ఫోలీ గెలుస్తాడని తెలిసిన జనం ఆ గెలుపును కళ్ళారా చూడడానికే ఛానెల్ మార్చుకున్నారు. ఫోలీకి సాయంగా వచ్చిన స్టీవ్ ఆస్టిన్ రాకను చెప్పే గాజు పగిలిన చప్పుడు వినబడగానే వుస్టర్ హాలులో లేచిన కేక ఇప్పటికీ ఆ వీడియోలో వినబడుతుంది. పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించే కేక అది.

అదే రాత్రి నైట్రోలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. గోల్డ్‌బర్గ్ అజేయ పరంపరను అంతకు వారం ముందే తెంచి ఛాంపియన్ అయిన కెవిన్ నాష్ ఎదుట హల్క్ హోగన్ నిలబడ్డాడు. హోగన్ వేలితో నాష్ ఛాతీని తాకాడు. నాష్ తుపాకి గుండు తగిలినట్టు వెల్లకిలా పడ్డాడు. హోగన్ అతని భుజాలను నేలకు అదిమి (పిన్ చేసి) ఛాంపియన్ బెల్ట్ తీసుకున్నాడు. అట్లాంటాలో ఆ రోజు టికెట్ కొని వచ్చినవాళ్ళకు ప్రధాన పోరు పేరిట దక్కింది ఇంతే. పోటీ తారస్థాయిలో ఉన్న రోజున, దేశం మొత్తం చూస్తున్న వేళ, ఒక కంపెనీ తన సొంత ప్రేక్షకుడికి చేసిన మర్యాద అది. పోటీ దానంతటదే నాణ్యతను తెచ్చేదైతే ఆ రాత్రి అలా గడిచేది కాదు.

పక్కవాడి మీద కన్నేసి చేసిన పనులకు మూల్యం చెల్లించింది ఎప్పుడూ రెజ్లర్లే. 1995 డిసెంబరులో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మహిళల ఛాంపియన్‌గా ఉన్న అలుండ్రా బ్లేజ్‌ను ఆ కంపెనీ వదిలించుకుంది. ఆమె మడూసా పేరుతో నైట్రోకు వచ్చి, ఆ బెల్ట్‌ను కెమెరా ముందు చెత్తబుట్టలో పడేసింది. ప్రత్యర్థిని అవమానించడానికి వేసిన ఎత్తు అది. దాని తరవాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో మహిళల టైటిల్ 1998 వరకూ కనిపించలేదు. ఆమెకు ఆ కంపెనీ తలుపులు 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకునేదాకా మూసే ఉన్నాయి. 1997 నవంబరు 9న మాంట్రియల్‌లో జరిగిన ద్రోహానికీ ఈ చెత్తబుట్టతో సంబంధం ఉంది. డబ్ల్యూసీడబ్ల్యూకు వెళ్ళిపోతున్న బ్రెట్ హార్ట్ బెల్ట్‌ను కూడా పట్టుకుపోతాడేమోనన్న భయంతో విన్స్ మెక్‌మాన్, బ్రెట్ లొంగిపోకుండానే గంట కొట్టించి షాన్ మైకేల్స్‌ను విజేతను చేశాడు. సొంత దేశంలో, సొంతవాళ్ళ ఎదుట ఆ మనిషి నిలబడి గాలిలో వేలితో డబ్ల్యూసీడబ్ల్యూ అని రాసిన దృశ్యాన్ని చూసినవారెవరూ అది పోటీ సాధించిన గొప్ప ఫలితమని చెప్పరు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుందని నాకు తెలుసు. నైట్రో ఒత్తిడే లేకపోతే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ తన పిల్లల కార్టూన్ ధోరణి మానుకునేది కాదని, యాటిట్యూడ్ యుగం అని పిలిచే ఆ దూకుడు కథల కాలం వచ్చేదే కాదని అంటారు. ఒత్తిడి పనిచేయలేదని నేనూ అనను. ఓడిపోతున్న కంపెనీ తెగించి ప్రయోగాలు చేస్తుంది. కాని ఆ యుగానికి ప్రాణం పోసిన స్టీవ్ ఆస్టిన్ ఎక్కడినుంచి వచ్చాడో చూడండి. 1995లో గాయపడి ఉన్నప్పుడు డబ్ల్యూసీడబ్ల్యూ అతణ్ణి తీసేసింది. ఫిలడెల్ఫియాలోని ఈసీడబ్ల్యూ అనే చిన్న కంపెనీలో మైకు చేతికిస్తే కడుపులో ఉన్నదంతా కక్కేశాడు, ఆ మీదట డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో చేరాడు. 1996 జూన్‌లో కింగ్ ఆఫ్ ద రింగ్ టోర్నమెంట్ గెలిచి, బైబిల్ వాక్యాన్ని వెక్కిరిస్తూ 'ఆస్టిన్ 3:16' అన్న మాట అన్నాక, జనం అట్టముక్కల మీద ఆ అంకెలు రాసుకుని హాళ్ళకు రావడం మొదలుపెట్టాకే, తమ చేతిలో ఉన్నదేమిటో కంపెనీకి అర్థమైంది. ఒకచోట పనికిరాడన్న మనిషికి వెళ్ళడానికి ఇంకో రెండు చోట్లున్నాయి. అతనిలో ఏముందో కంపెనీ పెద్దలకంటే ముందు జనం గుర్తించారు. స్వర్ణయుగం అని మనం పిలిచేదాని కింద ఉన్న అసలు కారణాలు నాకు ఈ రెండుగానే కనిపిస్తాయి. రేటింగుల యుద్ధం పాత్ర ఆ తరవాతే.

2001 మార్చిలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ డబ్ల్యూసీడబ్ల్యూను కొనేసింది. మార్చి 26న చివరి నైట్రో ప్రసారమైంది. ఏప్రిల్‌లో ఈసీడబ్ల్యూ దివాలా పిటిషన్ వేసింది. ఆ రోజుల్లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అభిమానులు ఎంతోమంది దాన్ని తమ సొంత విజయంగా పండగ చేసుకున్నారు. వాళ్ళకు బహుమానంగా దొరికినది ఆ వేసవి నాటి ఇన్వేజన్ కథ. స్టింగ్, గోల్డ్‌బర్గ్, నాష్, ఫ్లెయిర్ లాంటి పెద్ద పేర్లు డబ్ల్యూసీడబ్ల్యూ పాత యజమాని టైమ్ వార్నర్‌తో ఉన్న ఒప్పందాల కింద ఇంట్లో కూర్చుంటే, మిగిలిన డబ్ల్యూసీడబ్ల్యూ వాళ్ళను వరసగా ఓడిస్తూ కథను నవంబరుకల్లా ముగించారు. ఏళ్ళ తరబడి ఊహించుకున్న రెండు కంపెనీల పోరు అలా తుస్సుమంది. అంతకంటే పెద్ద నష్టం రెజ్లర్లది. టీవీలో పేరు తెచ్చిపెట్టి, కుటుంబం గడిచేంత జీతం ఇవ్వగల చోటు అమెరికాలో ఒక్కటే మిగిలింది. 2002లో జారెట్ తండ్రీకొడుకులు పెట్టిన టీఎన్ఏ అనే కంపెనీ కొంత ఆశ కల్పించింది. అది 2010లో సోమవారం రాత్రే రాతో తలపడడానికి వెళ్ళి, రెండు నెలలైనా నిలవలేక గురువారానికి తిరిగి వచ్చింది. ఎదుటివాడి గడియారం చూసి బయలుదేరితే ఏమవుతుందో అదీ ఒక పాఠమే.

2019 జనవరిలో టోనీ ఖాన్, కోడీ రోడ్స్, యంగ్ బక్స్ కలిసి ఏఈడబ్ల్యూను ప్రకటించినప్పుడు నేను సంతోషించింది ఇందుకే. డబ్ల్యూడబ్ల్యూఈకి గుణపాఠం చెబుతారని కాదు. మళ్ళీ రెండో తలుపు తెరుచుకుందని. దాని ఫలితం వెంటనే కనబడింది. కొత్త కంపెనీకి పోకుండా డబ్ల్యూడబ్ల్యూఈ చాలామందికి మంచి జీతాలతో దీర్ఘకాల ఒప్పందాలు రాసింది. అందులో చిక్కేమిటంటే, అలా రాసినవాటిలో కొన్ని ఆ మనుషులతో పని ఉండి రాసినవి కావు, వాళ్ళు అవతల చేరకూడదని రాసినవి. ల్యూక్ గాలోస్, కార్ల్ ఆండర్సన్ 2019లో కొత్త ఒప్పందాలు కుదుర్చుకున్నారు. 2020 ఏప్రిల్ 15న, మహమ్మారి మొదలైన వారాల్లో, కంపెనీ ఒకేసారి తీసేసినవారి జాబితాలో వాళ్ళిద్దరూ ఉన్నారు. ఏడాది కూడా గడవకముందే అవసరమైనవాళ్ళు అనవసరమైపోయారు. ఆ రోజు నేను చదివిన అభిమానుల మాటల్లో సగం, ఈ తొలగింపులు ఏఈడబ్ల్యూకు లాభమా నష్టమా అన్న బేరీజే.

బుధవారం రాత్రుల పోరూ ఇదే తంతు. డైనమైట్ 2019 అక్టోబరులో మొదలవుతున్నదని తెలిసి డబ్ల్యూడబ్ల్యూఈ కొత్త రెజ్లర్లను తయారుచేసే తన ఎన్ఎక్స్‌టీని అదే రాత్రి రెండు గంటల టీవీ కార్యక్రమంగా నిలబెట్టింది. వారానికి ఒక్క గంటలో ఇద్దరు ముగ్గురిని ఓపికగా తీర్చిదిద్దే కార్యక్రమంగా దాన్ని ప్రేమించినవాళ్ళలో నేనూ ఉన్నాను. అది రేటింగుల కోసం పరుగెత్తే రెండు గంటల వస్తువుగా మారి, ఓడిపోయి, 2021 ఏప్రిల్‌లో మంగళవారానికి తరలింది. ఆ ఏడాదే పాత రూపురేఖలు పూర్తిగా చెరిపేసి ఎన్ఎక్స్‌టీ 2.0 అని రంగులద్దారు. ఒక మంచి కార్యక్రమం ఎదుటి కంపెనీ దారికి అడ్డుగా వేసిన బండరాయిగా అరిగిపోయింది. అది పోటీ లేకుండా ఉన్నప్పుడే బాగుందన్న సంగతిని పోటీని పూజించేవారు ఎలా వివరిస్తారో నాకు తెలియదు.

రెండో తలుపు వల్ల జరిగిన మేలు మనుషుల్లో కనబడుతుంది. స్వర్వ్ స్ట్రిక్‌లాండ్‌ను డబ్ల్యూడబ్ల్యూఈ 2021 నవంబరులో తీసేసింది. 2023 నవంబరులో ఏఈడబ్ల్యూ వారి ఫుల్ గియర్ కార్యక్రమంలో హ్యాంగ్‌మన్ ఆడమ్ పేజ్‌తో అతను చేసిన టెక్సస్ డెత్ మ్యాచ్‌ను రక్తం అంటే గిట్టనివాళ్ళు చూడకపోవడమే మంచిది. కాని ఆ మ్యాచ్‌లో స్వర్వ్ ముఖం చూడండి. ఒంట్లో శక్తి లేకున్నా పంతం వదలనివాడి చూపు అది. ఆ రాత్రి అతను విలన్. అయినా మ్యాచ్ అయ్యేసరికి జనం అతన్ని తమవాణ్ణి చేసుకున్నారు. 2024 ఏప్రిల్ 21న సమోవా జోను ఓడించి ఏఈడబ్ల్యూ ప్రపంచ ఛాంపియన్ అయిన తొలి నల్లజాతి రెజ్లర్ అయ్యాడు. డబ్ల్యూడబ్ల్యూఈ నుంచి తనంతట తానే వెళ్ళిపోయిన టోనీ స్టార్మ్, ఏఈడబ్ల్యూలో పాతకాలపు హాలీవుడ్ తారగా తనను తాను కొత్తగా మలుచుకుంది. ఈ ప్రయాణం అటునుంచి ఇటూ జరిగింది. డబ్ల్యూడబ్ల్యూఈలో ముఖానికి రంగు పూసుకుని స్టార్‌డస్ట్ పాత్రలో మగ్గిన కోడీ రోడ్స్ 2016లో బయటికి వచ్చి, ఏఈడబ్ల్యూ కట్టి, 2022లో మళ్ళీ డబ్ల్యూడబ్ల్యూఈకి తన షరతులతో, తన పాటతో, తన పేరుతో వెళ్ళాడు. ఆ జూన్‌లో ఛాతీ కండరం తెగి, కుడిపక్కంతా కమిలి నేరేడు రంగుకు తిరిగి ఉండగా సెత్ రాలిన్స్‌తో కేజ్‌లోకి దిగినప్పుడు, అతణ్ణి ఏఈడబ్ల్యూ ద్రోహి అని తిట్టినవాళ్ళలో ఎంతమంది ఆ మ్యాచ్ చూశారో!

ఇక ప్రదర్శనను మార్చేది ఎవరన్న మాట. 2014 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో జరిగిన రాయల్ రంబుల్‌లో, అంటే ముప్పై మంది ఒకరి తరవాత ఒకరు రింగులోకి దిగే పోరులో, డేనియల్ బ్రయన్ కోసం ఎదురుచూస్తున్న జనం ముందుకు 30వ వాడిగా రే మిస్టీరియో వచ్చేసరికి, ఏళ్ళుగా అందరూ ప్రేమించే ఆ మనిషినే హోరెత్తించి ఎగతాళి చేశారు. వాళ్ళకు మిస్టీరియో మీద కోపం లేదు. కోపమంతా కంపెనీ మీద. వారాల తరబడి ఆ హోరు ఆగలేదు. ఆఖరికి ఏప్రిల్ 6న న్యూ ఆర్లియన్స్‌లో ఆ కంపెనీ అతి పెద్ద వార్షిక కార్యక్రమం రెసిల్‌మేనియా 30 ముగిసేటప్పుడు రెండు బెల్టులూ బ్రయన్ చేతిలో ఉన్నాయి. అప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈకి చెప్పుకోదగ్గ పోటీదారు ఒక్కరూ లేరన్నది గుర్తుంచుకోవాలి. పదేళ్ళ తరవాత 2024 ఫిబ్రవరిలో, రాయల్ రంబుల్ గెలిచిన కోడీని పక్కకు జరిపి రోమన్ రెయిన్స్ ఎదుట రాక్‌ను నిలబెట్టబోయినప్పుడు మళ్ళీ అదే జరిగింది. డబ్ల్యూడబ్ల్యూఈని ప్రేమించే అభిమానులే తిరగబడ్డారు. వారం తిరక్కుండానే కథ మారింది. ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలో 1,316 రోజుల రెయిన్స్ ఏలుబడికి కోడీ ముగింపు పలికాడు. ఆ మార్పు ఏఈడబ్ల్యూ రేటింగులు చూసి చేసింది కాదు.

కంపెనీని సమర్థించడమే పనిగా పెట్టుకున్న అభిమాని మీద నా కోపానికి కారణం ఇక్కడే ఉంది. ఎదుటివాళ్ళు సంతోషిస్తారన్న భయంతో అతను తనకు నచ్చనిదాన్ని కూడా నచ్చలేదని చెప్పడు. 2025 మార్చి 1న టొరంటోలో జాన్ సీనా విలన్‌గా మారినప్పుడు ప్రపంచమంతా నోరు వెళ్ళబెట్టింది. దాన్ని మొదలుపెట్టిన రాక్ రెసిల్‌మేనియాకు రానేలేదు. సీనా 17వ టైటిల్ గెలిచిన మ్యాచ్‌లో కథను తేల్చినది ట్రావిస్ స్కాట్ అనే పాటగాడి జోక్యం. ఆగస్టుకల్లా సీనా మళ్ళీ మంచివాడైపోయాడు. పాతికేళ్ళకు ఒకసారి వచ్చే కథను అంత అశ్రద్ధగా చేజార్చుకుంటే, అదంతా ముందే వేసుకున్న దీర్ఘకాల ప్రణాళిక అని సమర్థించినవాళ్ళను చూశాను. 2018 నుంచి సౌదీ అరేబియాలో జరుగుతున్న కార్యక్రమాల విషయంలోనూ అంతే. 2019 అక్టోబరు 31 దాకా అక్కడ డబ్ల్యూడబ్ల్యూఈ మహిళలకు రింగులో అడుగుపెట్టే అవకాశమే లేదు. ఆ సంగతి ఎత్తితే ఏఈడబ్ల్యూ మనిషివని ముద్ర వేస్తారు.

ఏఈడబ్ల్యూ విషయంలో నాకు ఇంకా ఎక్కువ బాధ, ఎందుకంటే దాని మీద పెట్టుకున్న ఆశ ఎక్కువ. 2021 ఆగస్టు 20న షికాగోలో, రెజ్లింగ్ వదిలి వెళ్ళిన సీఎం పంక్ ఏడేళ్ళ తరవాత రింగు దాకా నడిచి వచ్చిన ఆ నిమిషాల కంటే ఆనందమైనవి ఈ కంపెనీ నాకు ఇవ్వలేదు. ఏడాది తిరిగాక ఏఈడబ్ల్యూ వారి ఆల్ అవుట్ కార్యక్రమం ముగిసిన రాత్రి విలేఖరుల ముందు అతను సహచరుల మీద విరుచుకుపడడం, తెర వెనక కొట్లాట, 2023 ఆగస్టులో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో మరో గొడవ, ఉద్వాసన, నవంబరులో డబ్ల్యూడబ్ల్యూఈలో ప్రత్యక్షం కావడం అందరికీ తెలిసినవే. తప్పెవరిదన్న పంచాయతీ నాకొద్దు. కాని 2024 ఏప్రిల్‌లో పంక్ ఒక ఇంటర్వ్యూలో ఆ గొడవ గురించి మాట్లాడితే, దానికి జవాబుగా ఏఈడబ్ల్యూ డైనమైట్‌లో వెంబ్లీ తెరవెనక దృశ్యాల వీడియో ప్రసారం చేసింది. అప్పటికి అవతలి కంపెనీలో పనిచేస్తున్న మనిషి గురించి, తన రెజ్లర్లకు దక్కాల్సిన సమయంలోంచి కోసి ఇచ్చిన నిమిషాలవి. 1999 జనవరి 4న షియవోనీ చేత ఆ మాట చెప్పించిన బుద్ధికీ దీనికీ నాకు తేడా కనబడలేదు. ఆ వారం ఏఈడబ్ల్యూ అభిమానులు ఆ వీడియో ఏం రుజువు చేసిందో వాదించుకున్నారు. మా సమయం ఎందుకు తిన్నారని అడిగినవాళ్ళు తక్కువ.

డబ్ల్యూడబ్ల్యూఈ వైపు నుంచి ఇది తేదీల రూపంలో నడుస్తున్నది. 2025 జూలై 12న టెక్సస్‌లో ఏఈడబ్ల్యూ తన అతి పెద్ద వార్షిక కార్యక్రమం ఆల్ ఇన్ పెట్టుకుంటే, అదే రోజు సాటర్డే నైట్స్ మెయిన్ ఈవెంట్ పెట్టారు. సెప్టెంబరు 20న ఆల్ అవుట్ ఉంటే అదే రోజు రెసిల్‌పలూజా పెట్టారు. ఏఈడబ్ల్యూ తన కార్యక్రమాన్ని మధ్యాహ్నానికి జరుపుకోవలసి వచ్చింది. రెజ్లింగ్ చూసేవాడు రెండూ చూడాలనుకుంటాడన్న ఆలోచన ఈ తేదీలు వేసినవారికి ఉన్నట్టు లేదు. డబ్బు, వ్యవధి రెండూ పరిమితంగా ఉన్న అభిమానిని ఎంచుకోమని నిలదీసి, దానికి పోటీ అని పేరు పెట్టారు.

ఇంతకీ రెండు పక్షాల అభిమానులూ కలిసి గొంతెత్తవలసిన సంగతులు వేరే ఉన్నాయి. డబ్ల్యూడబ్ల్యూఈ తన రెజ్లర్లను ఉద్యోగులుగా చూడదు, స్వతంత్ర కాంట్రాక్టర్లుగా చూస్తుంది. ఏఈడబ్ల్యూలోనూ చాలామంది పరిస్థితి అదే. రాత్రి రాత్రికీ వెన్నెముకను పణంగా పెట్టే ఈ వృత్తిలో కార్మిక సంఘం లేదు. 1986లో జెస్సీ వెంచురా సంఘం పెడదామని సాటివారిని కూడగట్టబోతే ఆ మాట విన్స్ మెక్‌మాన్‌కు చేరింది. చేరవేసినది హల్క్ హోగన్ అని ఆ తరవాత కోర్టు వ్యవహారంలో ఇచ్చిన వాంగ్మూలంలో బయటపడింది. ఇప్పటికీ డబ్ల్యూడబ్ల్యూఈ ప్రధాన బృందం నుంచి తీసేసినవాళ్ళు సాధారణంగా 90 రోజుల దాకా ఇంకెక్కడా తెర మీద కనబడకూడదు. పనికిరావని పంపించినవాణ్ణి వేరేచోట పనిచేయకుండా ఆపడం ఏ న్యాయమో ఎంత ఆలోచించినా నాకు బోధపడదు.

వెళ్ళిపోతానన్నవాళ్ళను కూర్చోబెట్టడంలో రెండు కంపెనీలూ ఒకే తాను ముక్కలు. ల్యూక్ హార్పర్ 2019 ఏప్రిల్‌లో విడుదల కోరితే డబ్ల్యూడబ్ల్యూఈ అతణ్ణి డిసెంబరు దాకా వదల్లేదు. 2020 మార్చిలో బ్రోడీ లీగా ఏఈడబ్ల్యూకు వచ్చి, ఆ ఏడాదే ఛాంపియన్‌షిప్ గెలిచి, డిసెంబరు 26న కన్నుమూశాడు. అతని చేతిలో ఎంత తక్కువ కాలం ఉందో అప్పుడెవరికీ తెలియదు. కాని ఊరికే కూర్చోబెట్టిన ఆ నెలలు తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఏఈడబ్ల్యూ రికీ స్టార్క్స్‌ను 2024లో దాదాపు ఏడాది తెరకు దూరంగా ఉంచి 2025 ఫిబ్రవరిలో వదిలింది. వదిలిన వెంటనే అతను ఎన్ఎక్స్‌టీలో కనబడ్డాడు. హార్పర్ గురించి డబ్ల్యూడబ్ల్యూఈ అభిమానులు, స్టార్క్స్ గురించి ఏఈడబ్ల్యూ అభిమానులు ఎంత గట్టిగా అడిగారో ఎవరికి వారే చెప్పుకోవాలి.

ఈ మధ్య జరుగుతున్న మార్పులు నన్ను మరింత కలవరపెడుతున్నాయి. 2023 సెప్టెంబరులో డబ్ల్యూడబ్ల్యూఈ, మిశ్రమ యుద్ధకళల పోటీలు నడిపే యూఎఫ్‌సీతో కలిసి టీకేఓ గ్రూపులో భాగమైంది. మార్కెట్‌ను అన్యాయంగా గుప్పిట పెట్టుకుందని ఎంఎల్‌డబ్ల్యూ అనే చిన్న కంపెనీ వేసిన దావాను అదే ఏడాది చివర 2 కోట్ల డాలర్లు చెల్లించి పరిష్కరించుకుంది. 2025 జనవరిలో టీఎన్ఏతో కొన్నేళ్ళ భాగస్వామ్యం ప్రకటించింది. ఏప్రిల్‌లో మెక్సికోకు చెందిన రెజ్లింగ్ కంపెనీ ఏఏఏను కొంటున్నట్టు చెప్పింది. టీఎన్ఏ రెజ్లర్లు ఎన్ఎక్స్‌టీలో కనబడుతున్నందుకు, జో హెండ్రీ పాటకు డబ్ల్యూడబ్ల్యూఈ హాళ్ళు చేతులూపుతున్నందుకు అభిమానిగా నేనూ సంబరపడ్డాను. అయినా రేపు డబ్ల్యూడబ్ల్యూఈతో చెడి బయటికి వచ్చిన రెజ్లర్ టీఎన్ఏకు వెళ్ళి ధైర్యంగా బేరం ఆడగలడా? ఏఏఏలో అడుగుపెట్టాలంటే ఎవరి అనుమతి కావాలి? పేర్లు వేరైనా యజమాని చెయ్యి ఒకటే అయినచోట రెండో తలుపు ఉన్నట్టు లెక్క కాదు. ఏఈడబ్ల్యూ ఎంత చిరాకు తెప్పించినా అది నిలబడి ఉండాలని నేను కోరుకునేది అందుకే. డబ్ల్యూడబ్ల్యూఈ అభిమానులు కూడా అదే కోరుకోవాలని అడుగుతున్నాను. వాళ్ళు ప్రేమించే రెజ్లర్ ఒప్పందం రేపు ముగింపుకు వచ్చినప్పుడు, బల్లకు ఇవతలి వైపు కూర్చున్న అతని చేతిలో ఉండేది అవతలి కంపెనీ ఇవ్వజూపిన జీతం కాగితం ఒక్కటే.